హెచ్‌బీసీయూలో సీటు వచ్చింది, పంపించవచ్చా?

సందేహం: మా అబ్బాయికి అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఒక హెచ్‌బీసీయూలో (చారిత్రకంగా నల్లజాతివారి కోసం పెట్టిన కాలేజీ లేదా విశ్వవిద్యాలయం) ఎం.ఎస్. సీటు వచ్చింది. ఫీజులో కొంత రాయితీ ఇస్తామన్నారు. అది నల్లజాతివారి కాలేజీ అనీ, మనవాళ్లు అక్కడ ఇమడలేరనీ బంధువులు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అలా చెప్పిన బంధువుల్లో ఎవరైనా ఆ క్యాంపస్‌లో అడుగుపెట్టారేమో ముందు అడగండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే బోగస్ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, 2019లో ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయం వీసా మోసాలను పట్టుకోవడానికి ప్రభుత్వ ఏజెంట్లు పన్నిన వల అని తేలినప్పుడు ఎక్కువగా చిక్కుకున్నది మన పిల్లలే. అలాంటి చోట్ల ఆరా తీయకుండా చేరినవాళ్లం, శతాబ్దం దాటిన విశ్వవిద్యాలయాలను మాత్రం శంకిస్తాం!

నల్లజాతి విద్యార్థులను ఇతర కాలేజీలు గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో వారి కోసం వెలసిన సంస్థలివి. 1964కు ముందు స్థాపించినవాటికే చట్టం ఈ గుర్తింపు ఇస్తుంది. ఇప్పుడు వంద దాకా ఉన్నాయి. ప్రవేశం అందరికీ ఉంది. చదివేవారిలో దాదాపు నాలుగో వంతు ఇతర జాతులవారే. వాషింగ్టన్‌లోని హోవర్డ్ అనే హెచ్‌బీసీయూకు 2025లో పరిశోధనలో అత్యున్నత స్థాయి అయిన ఆర్1 గుర్తింపు దక్కింది. ఇక మీ అబ్బాయి వెళ్లే రాష్ట్రంలోనే, గ్రీన్స్‌బరోలోని ఏ అండ్ టీ కాలేజీలో (అదీ హెచ్‌బీసీయూనే) మొదటి సంవత్సరం చదువుతున్న నలుగురు కుర్రాళ్లు 1960 ఫిబ్రవరి 1న తెల్లవారికే వడ్డించే ఫలహారశాల బల్ల దగ్గర కూర్చుని, లేచేది లేదన్నారు. ఆ నిరసన దక్షిణాది అంతటా పాకింది.

హెచ్‌బీసీయూల విద్యార్థుల అనుభవాలపై పరిశోధనలు చాలాకాలంగా జరుగుతున్నాయి. వనరులు తక్కువైనా నల్లజాతి విద్యార్థులు ఈ కాలేజీల్లోనే చదువులో, ఆత్మవిశ్వాసంలో ఎక్కువ ఎదుగుతున్నారని మనస్తత్వ శాస్త్రవేత్త జాక్వెలిన్ ఫ్లెమింగ్ 1984లోనే చూపించారు. 2015లో గ్యాలప్ అనే సర్వే సంస్థ పట్టభద్రులను అడిగింది. మా ప్రొఫెసర్లు మమ్మల్ని మనుషులుగా పట్టించుకున్నారని హెచ్‌బీసీయూల్లో చదివిన నల్లజాతివారిలో 58 శాతం గట్టిగా చెబితే, ఇతర కాలేజీల్లో చదివిన నల్లజాతివారిలో 25 శాతమే అలా చెప్పగలిగారు.

ఈ అంకెలు చూసి మురిసిపోకండి. అడిగింది పట్టా పుచ్చుకున్నవారిని. మధ్యలో మానేసినవారి మాట ఇందులో లేదు. పైగా పోల్చింది నల్లజాతివారిని నల్లజాతివారితోనే. తరగతిలో తానొక్కడే తన జాతి మొత్తానికీ జవాబు చెప్పుకోవలసిన బరువు అక్కడ వారికి ఉండదు. ఆ ఊరట మీవాడికీ దొరుకుతుందని నేను చెప్పలేను. ఆ ఇంట్లో అతను అతిథి. అతిథిలాగే మెలగమనండి. రంగు గురించి మన ఇళ్లలో అలవోకగా దొర్లే మాటలు ఇక్కడే వదిలి వెళ్లమనండి. తెలుగులో అంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటారు కానీ, వెక్కిరింత ఏ భాషలోనైనా ముఖంలో కనిపిస్తుంది.

లోటు ఒకటుంది: డబ్బు. మూడు దశాబ్దాల్లో 16 రాష్ట్రాలు తమ నల్లజాతి ల్యాండ్-గ్రాంట్ విశ్వవిద్యాలయాలకు (ప్రభుత్వ భూముల సాయంతో విద్యాసంస్థలు నెలకొల్పిన పథకం కిందివి) 1200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాయని 2023లో అమెరికా కేంద్ర ప్రభుత్వమే గవర్నర్లకు లేఖలు రాసింది. ఆ రాష్ట్రాల్లో ఉత్తర కరోలినా కూడా ఉంది. కాబట్టి హాస్టల్ గదుల సంగతి, ల్యాబుల సంగతి ముందే కనుక్కోండి. వీసాకు కావలసిన, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం చివరి వారం దాకా ఆగవద్దు.

కాలేజీ పేరు కన్నా మీవాడు చేరే శాఖ ముఖ్యం. ఇప్పుడు అక్కడ చదువుతున్న ఇద్దరితో మాట్లాడించండి. వారిలో ఒకరు తెలుగువారు కాకపోతే మంచిది. గైడ్ ఎన్నాళ్లకోసారి కలుస్తారు, అసిస్టెంట్‌షిప్‌లు నిజంగా ఎందరికి వస్తున్నాయి, నిరుడు పట్టా పొందినవారు ఎక్కడ చేరారు అని అడగమనండి. ఆ ఫీజు రాయితీ మొదటి సెమిస్టరుకేనా, చదువు ముగిసేదాకానా అన్నది కాగితం మీద తెప్పించుకున్నాకే డిపాజిట్ కట్టండి.