అమ్మకానికి పెట్టిన రికార్డులు అత్యవసర నిధి కావు

ప్రశ్న: నా వయసు 41. ఇంట్లో నలుగురం, వచ్చేది నా ఒక్కడి జీతమే. ఇరవై ఏళ్లుగా పోగుచేసిన 3,200 ఎల్పీ రికార్డులు (పాటల వినైల్ పళ్లాలు) నా దగ్గర ఉన్నాయి. ఉద్యోగం మానేసి సొంతంగా రికార్డుల దుకాణం తెరవాలనుకుంటున్నాను. నా పొదుపు 22 నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. దుకాణానికి 30 నెలల ఇంటి ఖర్చంత మొత్తం కావాలి. తక్కువపడే దానిలో ఐదు నెలల ఖర్చంత వ్యక్తిగత రుణంగా, మిగతా మూడు నెలలది క్రెడిట్ కార్డు మీద తెద్దామనుకుంటున్నాను. వచ్చే ఏప్రిల్‌లో, రికార్డుల దుకాణాలు ఏటా జరుపుకునే రికార్డ్ స్టోర్ డే నాటికి తలుపులు తెరవాలని ఉంది. ఉద్యోగం మానేశాక ఎవరూ అప్పు ఇవ్వరు కాబట్టి రుణం ఇప్పుడే తీసుకోవడం మంచిదేనా? అత్యవసరమైతే అమ్ముకోవడానికి నా రికార్డులు ఎలాగూ ఉన్నాయి.

జవాబు: మీరు అడిగింది రుణం ఎప్పుడు తీసుకోవాలని. నేను ముందుగా మీ ఉత్తరంలోని చివరి వాక్యం గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఇష్టపడి దాచుకున్న వస్తువులతో వ్యాపారం మొదలుపెట్టాలనుకునే వారిలో చాలామంది ఇదే వాక్యం దగ్గర తప్పటడుగు వేస్తారు; పుస్తకాలు పోగుచేసిన వారూ, పాత కెమెరాలు పోగుచేసిన వారూ ఇదే ధీమాతో నా దగ్గరకు వచ్చారు.

మీరు జతచేసిన లెక్కల పట్టిక చూశాను. దానిలో ఒక చోట, బయటి వారి దగ్గర పాత రికార్డులు కొనేటప్పుడు అమ్మకపు ధరలో 30 శాతానికి మించి ఇవ్వకూడదని రాసుకున్నారు. అది సబబైన లెక్కే. ఆ కొన్న వాటిని కడగాలి, కొత్త కవర్లు తొడగాలి, ధర చీటీ అంటించాలి, కొన్నేళ్లపాటు అమ్ముడుపోని వాటికీ అద్దె కట్టాలి. ఇవన్నీ పోగా మిగలాలంటే అంతకన్నా ఎక్కువ ఇవ్వలేరు. అయితే అదే పట్టికలో కాస్త కిందికి వస్తే, మీ సొంత 3,200 రికార్డులకు పూర్తి అమ్మకపు ధర వేసి, పదహారు నెలల ఇంటి ఖర్చంత ఆస్తిగా చూపి, దాని పక్కన ‘అత్యవసర నిధి’ అని రాశారు. ఎదుటివాడి రికార్డుకు ఒక ధర, మీ రికార్డుకు మరో ధర ఎలా కట్టగలిగారు? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిన వారంలో మీరు కూడా ఏదో ఒక దుకాణం ముందు పెట్టెలు దించుకొని నిలబడే ‘బయటి వారే’ అవుతారు. అప్పుడు మీ సొంత సూత్రం ప్రకారమే ఆ పదహారు, ఐదుకు కాస్త తక్కువగా మారుతుంది.

అది కూడా నాణ్యత అంతా మీరు రాసుకున్నట్టే ఉంటేనే. మీ జాబితాలో దాదాపు ప్రతి రికార్డుకూ ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) అని ఉంది. ఈ వ్యాపారంలో అందరూ వాడే గోల్డ్‌మైన్ కొలమానంలో దానికి ఒక మెట్టు కింద ఉండే ‘వెరీ గుడ్ ప్లస్’ రికార్డుకు సాధారణంగా సగం ధరే పలుకుతుంది, ఇంకో మెట్టు దిగితే పావు వంతు. (వట్టి ‘గుడ్’ అంటే బాగుందని అర్థం కాదన్నది మీకు నేను చెప్పనక్కరలేదు.) ఇరవై ఏళ్లు మీరు ఇష్టంగా విన్న రికార్డులన్నీ ఆ పై మెట్టు మీదే నిలిచి ఉన్నాయంటే నేను నమ్మలేను. రికార్డులు కొని అమ్ముకునే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో కనిపించే మధ్యస్థ ధరలను ఆధారంగా తీసుకున్నానంటారేమో. ఒక్కో రికార్డు, తనను వెతుక్కుంటూ వచ్చిన ఒక్కో కొనుగోలుదారుకు, నెలల తరబడి జాబితాలో ఉన్నాక అమ్ముడైన ధర అది. ఒకే రోజున 3,200 రికార్డులు తెచ్చి దించేవారికి ఆ ధర ఎవరూ ఇవ్వరు.

కొన్నేళ్ల కిందట నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒకాయన ఇలాగే ఆసుపత్రి ఖర్చు కోసం తన రికార్డులు అమ్మవలసి వచ్చింది. కొనడానికి వచ్చిన వర్తకుడు పెట్టెకు రెండు మూడు రికార్డుల చొప్పున బయటికి లాగి, కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేలా వంచి, గాడుల మీద సన్నని గీతల కోసం చూశాడు. అట్టల అంచులు వేలితో తడిమాడు. ఒక అట్టను ముక్కు దగ్గర పెట్టుకొని చెమ్మ వాసన చూశాడు. గంట గడిచాక అరవై రికార్డులు ఒక పక్కన పేర్చి వాటికి మంచి ధరే చెప్పాడు. మిగతా రెండు వేల చిల్లరకు కలిపి చెప్పిన మొత్తం, ఆ పెట్టెలను మోసుకెళ్లే బండి కిరాయి కన్నా పెద్ద ఎక్కువ కాదు. ఆయన ఆ ధరకే ఇచ్చేశారు, ఎందుకంటే మరుసటి ఉదయానికల్లా డబ్బు కావాలి. ఆ వర్తకుడు మోసం చేశాడని నేను అనను. రేపు ఆ కుర్చీలో మీరు ఉన్నా అంతే చెబుతారు, చెప్పాలి కూడా.

ఇంకొక ఇబ్బంది ఉంది. అదే పట్టికలో ఆ రికార్డుల్లో సగాన్ని దుకాణపు ప్రారంభ సరుకుగా కూడా చూపారు. దుకాణపు ర్యాక్‌లో అమ్మకానికి ఉన్న రికార్డును అత్యవసర నిధిలో మళ్లీ లెక్కపెట్టడమంటే ఒకే ధాన్యాన్ని రెండు గాదెల్లో కొలిచినట్టే. అది అమ్ముడైతే ఆ డబ్బు అద్దెకో, కొత్త సరుకుకో పోతుంది. అమ్ముడు కాకపోతే అత్యవసర సమయంలోనూ అమ్ముడు కాదు. మిగతా సగం ‘ఎప్పటికీ అమ్మను’ అని రాశారు. అమ్మని వస్తువును ఏ వరుసలోనూ ఆస్తిగా చూపకండి, ఆ వరుసను ఈ రోజే కొట్టివేయండి.

ఇక రుణం. ఉద్యోగం మానేశాక ఎవరూ ఇవ్వరు కాబట్టి ఇప్పుడే తీసుకుంటానన్నారు. ఎందుకు ఇవ్వరో ఒక్క నిమిషం ఆలోచించండి. జీతం ఆగిపోయిన మనిషి వాయిదాలు కట్టలేడని అప్పిచ్చేవారి అంచనా. మీ విషయంలో ఆ అంచనా సరైనదే. మీరు చేయబోతున్నది ఆ సరైన అంచనా వారికి అందకుండా చూడటం. మూడు నెలల్లో వదిలేయబోయే జీతపు చీటీని చూపించి, ఉద్యోగం గురించి దరఖాస్తులో అడిగిన చోట ఏమీ ఎరగనట్టు సంతకం పెట్టమని ఏ ఆర్థిక సలహాదారూ చెప్పడు. క్రెడిట్ కార్డు మీద సరుకు తేవడం గురించి నాకు ఓపిక ఇంకా తక్కువ. ‘అమ్ముడుపోగానే కట్టేస్తాను’ అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట అన్నవారి కార్డు బకాయిలు కూడా చూశాను.

అప్పు తెచ్చి కొనాలనుకుంటున్న ఆ సరుకును ఒకసారి దగ్గరగా చూద్దాం. కొత్త రికార్డుల మీద అమ్మకపు ధరలో 30 శాతం మిగులుతుందని మీ పట్టికలో ఉంది. అంటే ఒక ఆల్బమ్‌వి పది ప్రతులు తెస్తే, ఏడు అమ్ముడుపోయిన రోజున మీ అసలు మీకు వస్తుంది. అద్దె, కరెంటు, వడ్డీ, మీ ఇంటి ఖర్చు అన్నీ ఆ మిగిలిన మూడు ప్రతుల్లోంచే రావాలి. మొదటి వారంలో ఏడు పోవచ్చు. చివరి మూడు ఏడాదిపాటు అలాగే ర్యాక్‌లో కూర్చోవడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి. కొత్త రికార్డులను పంపిణీదారులు చాలావరకు వాపసు తీసుకోరు కాబట్టి ఆ మూడూ మీవే. సొంత డబ్బుతో తెచ్చినవైతే అవి ఊరికే కూర్చుంటాయి. కార్డు మీద తెచ్చినవైతే కూర్చున్నన్నాళ్లూ వడ్డీ తింటాయి.

అమెరికాలో 2022లో, 1987 తర్వాత మొదటిసారిగా, వినైల్ రికార్డులు సంఖ్యాపరంగా సీడీల కన్నా ఎక్కువ అమ్ముడయ్యాయని మీరు గుర్తుచేశారు. నిజమే. ఆ అమ్మకాల్లో పెద్ద గొలుసు దుకాణాల వాటా, ఆన్‌లైన్ వాటా, కళాకారులు తమ అభిమానులకు నేరుగా అమ్ముకున్న వాటా కూడా కలిసే ఉన్నాయి. దానితో మీ దుకాణపు మొదటి ఏడాదిని అంచనా కట్టలేం.

రికార్డ్ స్టోర్ డే నాటికే తెరవాలన్న పట్టుదల మరీ ప్రమాదకరం. 2008లో మొదలైన ఆ రోజు సాధారణంగా ఏప్రిల్ మూడో శనివారం వస్తుంది, చాలా చిన్న దుకాణాలకు ఏడాదిలో అదే అతి పెద్ద అమ్మకపు రోజు కూడా. అయితే ఆ రోజు కోసం వచ్చే రికార్డుల ప్రత్యేక ముద్రణలకు ముందే ఆర్డరు పెట్టాలి, అడిగినన్ని ప్రతులు వస్తాయన్న హామీ ఉండదు, వచ్చినవి మిగిలిపోతే మీ దగ్గరే ఉంటాయి. 2020లో ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ 18న జరగాల్సింది ముందు జూన్‌కు వాయిదా పడింది, తర్వాత ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో మూడు రోజులుగా విడిపోయింది. తేదీకే కాదు, సరుకుకూ హామీ లేదు: అదే ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బ్యానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. రికార్డులు ముద్రించడానికి మూలమైన ప్రత్యేక పూత పూసిన పలకలను అప్పట్లో ప్రపంచం మొత్తం మీద తయారుచేసే రెండే సంస్థల్లో అదొకటి. అమ్మకపు రోజు ఆరు నెలలు వెనక్కి జరిగినా రుణ వాయిదా తేదీ ఒక్క రోజు కూడా జరగదు. ఆ ఏప్రిల్‌ను నమ్ముకొని కార్డు గీసినవారికీ, ఆరు నెలల ఖర్చు విడిగా దాచుకున్నవారికీ తేడా అక్కడే తెలిసింది. పెద్దవారికైనా ఇదే లెక్క: 1960లో మొదలైన టవర్ రికార్డ్స్ సంస్థ 1990ల చివర భారీగా అప్పు తెచ్చి విస్తరించింది, 2004లో ఒకసారి, 2006లో మరోసారి దివాలా కోర్టుకు వెళ్లి, అమెరికాలోని దుకాణాలన్నీ మూసుకుంది.

కాబట్టి మీ 22 నెలల పొదుపులో ముందుగా 12 నెలల ఇంటి ఖర్చును పక్కకు తీయండి. ఉద్యోగస్తులకు నేను ఆరు నెలలు చాలంటాను. మీకు జీతమే ఉండబోదు, ఇంట్లో రెండో ఆదాయం లేదు, అందుకే పన్నెండు. ఈ డబ్బు దుకాణపు ఖాతాలో ఉండకూడదు, మీ ఫోన్‌లో ఒక్క నొక్కుతో దుకాణపు ఖాతాకు మారేలా కూడా ఉండకూడదు. వీలైతే మీ శ్రీమతి పేరుతో, వేరే బ్యాంకులో పెట్టండి. ఎవరైనా తమ తాత కాలం నాటి అరుదైన రికార్డుల పెట్టె తెచ్చి ‘ఈ రోజే తీసుకుంటే సగానికి ఇస్తాను’ అన్నప్పుడు మీ చెయ్యి ఆ డబ్బు వైపు పోతుంది. రికార్డుల ప్రేమికుడిగా మీ గురించి నాకున్న పెద్ద భయం అదే. ఆ పెట్టె అత్యవసరం కాదు.

రెండో నిధి దుకాణానిది. మీ పట్టికలో మూడు నెలల నిర్వహణ ఖర్చుగా ఐదు నెలల ఇంటి ఖర్చంత పెట్టుకున్నారు. దాన్ని ఆరు నెలలకు, అంటే పదికి పెంచండి. ఈ రెండు నిధులతోనే మీ 22 అయిపోయింది కాబట్టి దుకాణం ఈ ఏప్రిల్‌లో తెరవలేరు. నెలకు సగం నెల ఖర్చంత మిగులుతోందని మీరే రాశారు. ఉద్యోగంలోనే పద్దెనిమిది నెలలు కొనసాగితే మరో తొమ్మిది చేరుతుంది. దానిలో ఐదు చిన్న గదికి, వాడిన ర్యాక్‌లకు; నాలుగు కొత్త సరుకుకు. పాత సరుకుకు వేరే డబ్బు అక్కరలేదు, మీరు అమ్మదలచిన 1,600 రికార్డులు ఉన్నాయి. ర్యాక్‌ల దగ్గర ఒక్క మాట: మీరు తీసుకున్న కొటేషన్ పుస్తకాల అల్మారాలది. అట్టతో కలిపి ఒక్కో ఎల్పీ పావు కిలో దాకా తూగుతుంది. వెయ్యి రికార్డులంటే పావు టన్ను. పలుచని చెక్క బీటలు తీస్తుంది, ఒరిగి నిలబడ్డ రికార్డు వంగిపోతుంది.

ఈ పద్దెనిమిది నెలల్లో సెలవు రోజుల్లో రికార్డుల సంతల్లో బల్ల వేసుకొని అమ్మి చూడండి. మీరు కట్టిన ధరలు నిజమో కాదో నాలుగు సంతల్లో తేలిపోతుంది. ఆన్‌లైన్ అమ్మకం మంచిదే. భాగస్వామిని చేర్చుకోవడమూ ఒక దారే, రాతపూర్వక ఒప్పందం ఉంటే.

బీమా గురించి మీ పట్టికలో ఒక్క వరుస కూడా లేదు. ఉద్యోగం ద్వారా వచ్చిన ఆరోగ్య బీమా ఉంటే అది ఉద్యోగంతోనే పోతుంది; రాజీనామా ఇవ్వక ముందే కుటుంబమంతటికీ సొంత పాలసీ తీసుకోండి. ఇంటి సామాన్ల పాలసీ సాధారణంగా వ్యాపార సరుకుకు వర్తించదు కాబట్టి దుకాణానికి విడిగా తీసుకోవాలి. నిప్పుతో పాటు నీటి నష్టం కూడా దానిలో ఉందో లేదో చదివి చూసుకోండి. పైగదిలో గొట్టం పగిలి నీళ్లు కారితే రికార్డును కడిగి ఆరబెట్టుకోవచ్చు, ఉబ్బిపోయిన అట్టను ఏమీ చేయలేరు. అట్ట పోయిన రికార్డు విలువలో ఎంత పోతుందో మీకే బాగా తెలుసు.

గది అద్దె ఒప్పందం మీద వచ్చే వారం సంతకం పెట్టాలని రాశారు. ఐదేళ్ల గడువు, మధ్యలో వదులుకునే వీలు లేకపోవడం, పైగా మీ వ్యక్తిగత హామీ: ఆ మూడు షరతులూ అలాగే ఉంటే సంతకం పెట్టకండి. గది యజమానికి ఫోన్ చేసి చెప్పేయండి, అదే రోజు వెళ్లి పన్నెండు నెలల ఖర్చుకు వేరే ఖాతా తెరవండి.