మానుకు పుట్టినదాన్ని పుట్టగొడుగు అనవచ్చా?

సందేహం: మా పెరట్లో కొట్టేసిన చింతమొద్దుకు జానెడు ఎత్తున ఎర్రటి చిప్పలాంటిది పుట్టింది. పైన వార్నిష్ వేసినట్టు మెరుస్తోంది. వ్యవసాయం చదివిన మా అబ్బాయి ‘గానోడెర్మా’ అన్నాడు. మా అత్తయ్య ‘పుట్టగొడుగు’ అంటోంది. అక్కడ పుట్టా లేదు, గొడుగూ లేదు. తెలుగులో ఏమనాలి? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: పుట్టా లేదు, గొడుగూ లేదు అన్నారు చూడండి, ఆ చూపు నాకు నచ్చిందమ్మా. ‘పుట్టుకొచ్చే గొడుగు కనుక పుట్టగొడుగు’ అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఈ మాటలోని పుట్ట చెదపుట్టే. చెదపురుగులు పుట్ట లోపల తేనెపట్టులాంటి తోట కట్టి, అందులో ఒక జాతి శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానలు పడగానే అదే పుట్టను చీల్చుకుని గొడుగై లేస్తుంది. 1942లో ఆ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) పెట్టిన టెర్మిటోమైసిస్ అన్న పేరుకూ చెదల శిలీంధ్రమనే అర్థం. మనవాళ్లు రెండు మాటలు కలిపి ఆ సంగతే చెప్పారు.

ఇక గొడుగు. తమిళంలో కుడై, కన్నడంలో కొడె. పుట్టగొడుగునే మనం కుక్కగొడుగు అని కూడా అంటాం, వాళ్లకు అది నాయ్‌కుడై, నాయికొడె. మూడు భాషలకూ కుక్కే గుర్తొచ్చిందంటే అది చాలా పాత ఊహే అయ్యుండాలి. ఇంత చూపున్న మాటను ఇవాళ ‘పుట్టగొడుగుల్లా వెలిసిన కాలేజీలు’ అని తిట్టడానికే వాడుతున్నారు. నాకు కష్టంగా ఉంటుంది.

మీరు చెప్పినలాంటిదాన్నే మొన్న ఒంగోలులో మా వీధి చివర ఒక కానుగ మొదట్లో గొంతుకూర్చుని చూశాను. పైభాగం ఉదయగిరి చెక్క గరిటెలా నున్నగా ఉంది, అంచు తెల్లగా ఉంది. మీద కోకో పొడి చల్లినట్టు దుమ్ము. ఆ దుమ్మే సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి. కిందికి వంగి చూస్తే మామూలు పుట్టగొడుగుకుండే రేకులు లేవు. అన్నీ సూదిమొన కన్నాలు, మిల్లీమీటరుకు నాలుగైదు ఉంటాయి. గోటితో గీస్తే ఆ తెల్లటి అడుగు గోధుమరంగుకు తిరిగింది.

1781లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు కర్టిస్ ఇలాంటిదానికి బొలీటస్ లూసిడస్ అని పేరు పెట్టాడు. 1881లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు కార్‌స్టెన్ దాన్ని విడదీసి గానోడెర్మా అన్నాడు. గ్రీకులో గానోస్ అంటే మెరుపు, డెర్మా అంటే చర్మం. మన ‘నిగనిగ’ ఉందే, సరిగ్గా అదే. కానీ ఆ నిగనిగే తర్వాత చిక్కు తెచ్చింది. మెరిసే ప్రతిదాన్నీ గానోడెర్మా లూసిడమ్ అనేశారు. చైనావాళ్లు మందుగా వాడే లింగ్‌ఝీ కూడా చాలాకాలం ఆ పేరుతోనే చలామణీ అయింది, అది వేరే జాతని తర్వాత తేలింది. పైగా ఈ ప్రజాతిలో అన్నీ మెరవవు. మైక్రోస్కోపులో సిద్ధబీజం ఒక కొస తెగినట్టుండి, రెండు పొరల గోడ, ఆ పొరల మధ్య సన్నటి స్తంభాలు కనబడితే అప్పుడు గానోడెర్మా అని గట్టిగా అనవచ్చు. అంచేత మీ అబ్బాయి మాట సరైనదే కావచ్చు, మీరు పంపిన ఫొటో చూసి నేను మాత్రం ముద్ర వెయ్యను.

శిలీంధ్రం అంటే సంస్కృతంలో పుట్టగొడుగు. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ఈస్టు దాకా సాగదీశాయి. అదిప్పుడు స్థిరపడింది, కదపలేం. రొట్టెకు పట్టినదాన్ని మాత్రం ‘ఫంగస్ వచ్చింది’ అనకండి, బూజు అనే మాట ఉంది.

మీ అత్తయ్య మాట తప్పని నేననను. జనం వాడుకలో పుట్టగొడుగు ఎప్పుడో పుట్ట దాటి వచ్చింది. నేనైతే ‘మానుగొడుగు’ అంటాను. అది నిఘంటువు మాట కాదు, నా ఇష్టం. ‘బహురంధ్ర శిలీంధ్రం’ లాంటి అనువాదాలు మాత్రం వద్దు, వాటికంటే గానోడెర్మానే మేలు. కావలి పక్క సర్వి (సరుగుడు) తోటల్లో పనిచేసేవాళ్లు మొద్దులకు పుట్టే ఈ చిప్పను ఏమంటారో అడిగి నాకు రాయండి. వాళ్ల దగ్గర మాట ఉంటే నాది వెనక్కి తీసుకుంటాను.