గురుడి బయటి ఉపగ్రహాల మీద నీ వ్యాసం గురించి

చెల్లెమ్మా,

నీ వ్యాసం చదివాను. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఎంచుకున్నందుకు ఎంత సంతోషించానో! అయితే గురుడి ఉపగ్రహం కార్మే గురించి నువ్వు రాసిన ‘ఎర్రగా మెరిసిపోయే కార్మే’ దగ్గర ఆగిపోయాను. కార్మే మెరవదమ్మా. తన మీద పడ్డ వెలుగులో చాలావరకు మింగేసే నల్లటి రాయి అది. భూమి మీంచి ఎంత పెద్ద టెలిస్కోప్‌తో చూసినా చుక్కే. ఆ చుక్కను ఒకసారి నీలం ఫిల్టర్‌లోంచి, ఒకసారి ఎరుపు ఫిల్టర్‌లోంచి ఫోటో తీసి, ఎందులో ఎంత వెలుగు వచ్చిందో కొలుస్తారు. సూర్యకాంతిలో ఉన్న పాళ్లకన్నా ఎరుపు కాస్త ఎక్కువుంటే ఎర్రటిదంటారు, అంతే. ఈ కొలత ఎలా జరుగుతుందో ముందు చెప్పు, పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

పుట్టుక సంగతికి వద్దాం. కార్మే గుంపులోని ఉపగ్రహాల కక్ష్యలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, రంగులూ కలుస్తున్నాయి. ఒకే రాయి పగిలి ఇవన్నీ అయ్యాయనడానికి అది గట్టి ఆధారం. అదే గురుడి ఉపగ్రహాల్లోనే ఇంకో గుంపు, పాసిఫే గుంపు చూడు. అందులో పాసిఫే బూడిద రంగు, సినోపే ఎరుపు. కక్ష్యలు దగ్గరగా ఉన్నాయి కదా అని ఇద్దరినీ ఒకే తల్లి పిల్లలంటే ఎలా? నువ్వు రెండు గుంపులకీ ఒకే కథ రాసేశావు. ఈ తేడానే నీ వ్యాసానికి ప్రాణం, దానికి ఇంకో పేరా ఇవ్వు.

ఈ రెండు గుంపులూ గురుడు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతున్నాయి కాబట్టి ఎక్కడినుంచో వచ్చి చిక్కుకున్నవేనని ధైర్యంగా రాయొచ్చు. కానీ పక్కనుంచి పోయే రాయి ఊరికే చిక్కదు, దాని వేగం తగ్గాలి. తొలినాళ్లలో గురుడి చుట్టూ ఉన్న వాయువు తగ్గించిందా, పెద్ద గ్రహాలు ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్లినప్పుడు జరిగిందా? రెండు వాదనలూ నిలిచే ఉన్నాయి. నువ్వు ఒకదాన్నే తేల్చి చెప్పేశావు.

శని ఉపగ్రహం ఫీబీని కూడా చేర్చు. 2004 జూన్ 11న కసీనీ అంతరిక్ష నౌక దానికి సుమారు 2,000 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లింది. నల్లటి పైపొర కింద, గుంతల గోడల్లో తెల్లటి మంచు కనిపించింది. అంటే మనం కొలిచే రంగు పైతోలుదే. నెప్ట్యూన్ అవతల మంచు రాళ్లు తిరిగే కైపర్ బెల్ట్‌లో కొన్నిటికి ఉండే బాగా ముదురు ఎరుపు ఈ ఉపగ్రహాల్లో కనబడకపోవడానికి కూడా, సూర్యుడికి దగ్గరగా వచ్చాక ఆ పైతోలు మారిపోయిందేమో అని కొందరి ఊహ. దాన్ని ఊహగానే రాయి.

తిరగరాశాక పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య