ఎత్తులో కారు వెనక్కి జారుతుంటే

కొత్త సెడాన్‌కి ముందుగా కంగ్రాట్స్ అండి. సింహాచలం ఘాట్‌లో ముందు బండి ఆగినప్పుడల్లా మీ కారు వెనక్కి జారుతోందని, క్లచ్ కాలిన వాసన వస్తోందని రాశారు. టెన్షన్ పడకండి, చాలావరకు ఇది కాళ్ల అలవాటే.

ఎత్తులో ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగేసి, న్యూట్రల్‌లో పెట్టండి. సగం క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు, ఆ వాసన అక్కడిదే. కదలాల్సినప్పుడు ఫస్ట్ గేర్ వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొంచెం పైకి లేచినట్టవుతుంది. పాదం అక్కడే ఆపి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. బండి దానంతటదే ముందుకు లాగుతుంది. వెనక ఆటో అతను హారన్ కొడుతూనే ఉంటాడు, కొట్టనివ్వండి.

మీ వేరియంట్‌లో హిల్ హోల్డ్ (ఎత్తులో బండి వెనక్కి జారకుండా కాసేపు ఆపే ఫీచర్) ఉందేమో చూసుకోండి. ఉన్నా బ్రేక్ వదిలాక అది పట్టి ఉంచేది రెండు మూడు సెకన్లే.

ప్రాక్టీసుకి ఘాట్ దాకా ఎందుకు? వైజాగ్‌లో ఎత్తు వీధులకేం కొదవ! పొద్దున్నే ఖాళీగా ఉన్న వీధి చాలు.

దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే రండి, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలొద్దు.

ఇంత చేసినా చదును రోడ్డు మీద కూడా వాసన వస్తున్నా, ఇంజిన్ అరుస్తున్నా స్పీడ్ పెరగకపోయినా, సర్వీస్ సెంటర్‌లో క్లచ్ ప్లేట్ చూపించండి.