పేర్లు రాసుకున్న నోటుపుస్తకం

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు యూనివర్సిటీలో పరిశోధనకు చేరుతున్నావనీ, సైబర్ దాడుల వెనక రాజకీయాలే నీ అంశమనీ, ఫోన్లు హ్యాకైన పాత్రికేయులనూ ఉద్యమకారులనూ కలవబోతున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఛాతీ పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఫోను అప్‌డేట్ చేసుకో, తెలియని లింకులు నొక్కకు, అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టకు. ఇవి నాకంటే నీకే బాగా తెలుసు.

ఎక్కడైనా దాడి జరిగిందంటే, కంప్యూటర్ల జోలికి వెళ్లే ముందు ఆ వారం ఆ ఊళ్లో ఏం జరిగిందో కనుక్కో. 2007 ఏప్రిల్‌లో ఎస్టోనియా ప్రభుత్వం టాలిన్ నడిబొడ్డున ఉన్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని శ్మశానానికి తరలించింది. వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. ఆ వెంటనే వారాల తరబడి బ్యాంకుల, పత్రికల, ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్ల మీద దాడులు సాగాయి. రష్యా ప్రభుత్వం తనకు సంబంధం లేదంది. విగ్రహం గొడవ తెలియనివాడికి ఆ దాడి ఎప్పటికీ అర్థం కాదు.

పరాయి దేశం మీద వాడే ఆయుధాన్ని సొంత పౌరుల మీదికి తిప్పడానికి పాలకులకు ఎంతోసేపు పట్టదు. ఎమిరేట్స్‌లో అహ్మద్ మన్సూర్ అనే హక్కుల కార్యకర్తకు 2016 ఆగస్టులో, జైళ్లలో చిత్రహింసల రహస్యాలు చెబుతామంటూ ఒక లింకు వచ్చింది. ఆయన నొక్కకుండా టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థకు పంపారు. ఫోనులోకి దొంగచాటుగా చొరబడి నిఘా పెట్టే పెగాసస్ అనే సాఫ్ట్‌వేర్ అలా బయటపడింది. అంతటి జాగ్రత్తపరుడినీ మరుసటి ఏడాది అరెస్టు చేసి, 2018లో పదేళ్ల జైలుశిక్ష వేశారు.

మన దగ్గర 2021 అక్టోబర్ 27న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం పెగాసస్‌పై నిపుణుల కమిటీని వేసింది. జాతీయ భద్రత పేరెత్తినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రతిసారీ మినహాయింపు దొరకదని చెప్పింది. ఆ ఉత్తర్వు మొత్తం చదువు. పత్రికల్లో వచ్చిన ముక్కలు చాలవు.

ఇక అసలు విషయం. నువ్వు కలవాల్సినవాళ్ల పేర్లన్నీ ఫోనులోనే పెట్టుకున్నావట. బుద్ధి ఉండాలి తల్లీ!

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది నాకు ఇరవై నాలుగేళ్లు. మహారాణిపేటలో అద్దె గది. జైలుకెళ్లినవాళ్ల ఇళ్లకు బియ్యం కొనిపెట్టడానికి నెలనెలా చందాలు వసూలు చేసేవాణ్ని. పైసా తేడా రాకూడదని ఒక నోటుపుస్తకం పెట్టాను. పేరు, వీధి, ఇచ్చిన మొత్తం. పేర్లు వద్దు, గుర్తులు పెట్టుకో అని స్నేహితుడు చెప్పాడు. వినలేదు. ముత్యాల్లాంటి అక్షరాలని చిన్నప్పుడు మాస్టారు మెచ్చుకున్న దస్తూరీ నాది. ఆ ముత్యాలతోనే ముప్పై ఒక్క పేర్లు రాశాను.

సోదాకు వచ్చినవాళ్లు నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. బియ్యం డబ్బాలోంచి పుస్తకం తీసి, ఒకాయన వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఎక్కడా తడబడలేదు. అంత స్పష్టంగా ఉంది నా రాత.

పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న ఒక దర్జీని నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిప్పారు. నెల తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మిషను ఆపకుండానే అడిగాడు: “ఇచ్చింది రెండు రూపాయలే కదా బాబూ, పేరెందుకు రాశావు?”

ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నీ ఫోను కోసం వచ్చేవాళ్లు నీకోసమే రారమ్మా. నిన్ను నమ్మి మాట్లాడినవాళ్ల కోసం వస్తారు. పేర్లు ఒకచోట, మాటలు ఒకచోట ఉంచు. మాటల దగ్గర అంకెలే ఉండాలి. ఏ అంకె ఎవరిదో చెప్పే కాగితం నెట్‌కు దూరంగా, వేరే ఇంట్లో ఉండాలి. అక్కరలేని పేరు అసలు అడగనే అడగకు.

నేను గదమాయించానని చిన్నబుచ్చుకోకు. ఈ పని నువ్వు చేయాలనే నా కోరిక. శనివారం ద్వారకా బస్ స్టేషన్‌లో దిగగానే నేరుగా ఇంటికి రా. మీ పెద్దమ్మ పనసపొట్టు కూర చేస్తానంటోంది. ఆ జాబితా ఉన్న ఫోను కూడా తీసుకురా. భోజనం చేశాక ఇద్దరం కూర్చుని ఒక్కొక్క పేరే తీసేద్దాం.

మీ పెదనాన్న
విశాఖపట్నం