కర్నూల్లో తిరగడానికి టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్, మారుతి ఫ్రాంక్స్ కార్లలో ఏది తీసుకోవాలి?

మీరు రోజూ సి.క్యాంపు నుంచి కొండారెడ్డి బురుజు దాకా వెళ్లిరావాలి, ఇంట్లో అమ్మగారికి మోకాళ్ల నొప్పులు అన్నారు కాబట్టి నేనైతే పంచ్ వైపే మొగ్గుతాను.

కారణం దాని డోర్లు. దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది. మా అమ్మ ముందు సీటు అంచున కూర్చుని, ఆ తర్వాత నెమ్మదిగా ఒక్కో కాలూ లోపలికి పెట్టుకుంటుంది. పాత మా చిన్న కారులో ప్రతిసారీ చెయ్యి పట్టి లేపాల్సి వచ్చేది. వెనక డోరు హ్యాండిల్ మాత్రం పైన అద్దం పక్కన ఉంటుంది, చిన్నపిల్లలకు అందదు.

గ్రౌండ్ క్లియరెన్స్ (కారు అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు) గురించి టెన్షన్ వద్దు. మూడింటిదీ 185 మిల్లీమీటర్లకు తగ్గదు. పొడవులో తేడా ఉంది: పంచ్, ఎక్స్‌టర్ 3.8 మీటర్లకు అటూఇటూ, ఫ్రాంక్స్ 3,995 మిల్లీమీటర్లు. పాతబస్తీ సందుల్లో వెనక్కి తిప్పుకునేటప్పుడు ఆ జానెడు తేడా బాగా తెలుస్తుంది.

ఇంజన్ నున్నగా ఉండాలంటే నాలుగు సిలిండర్ల ఎక్స్‌టర్ మంచిది. పంచ్‌ది మూడు సిలిండర్లు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సన్నగా వణుకు తెలుస్తుంది.

రాజ్‌విహార్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే రకం) అనుకుంటే, సాయంత్రం రద్దీలోనే టెస్ట్ డ్రైవ్ అడగండి. గేరు మారేటప్పుడు ఒక్క క్షణం వెనక్కి లాగినట్టుంటుంది, అది అందరికీ పడదు. తరచూ 44వ హైవే మీద హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే, ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉన్న ఫ్రాంక్స్ టర్బో చూడండి.