నమూనాలు కలిపేముందు

అమ్మాయీ,

జన్యు వైవిధ్యం లెక్కలు నువ్వే కట్టబోతున్నావని తెలిసి గర్వంగా ఉంది. వెంటనే దిగులూ పట్టుకుంది.

సేకరణ సంగతి నీకు తెలిసిందే. మైక్రోశాటిలైట్లతో (డీఎన్‌ఏలో చిన్న ముక్క పదేపదే వచ్చే భాగాలతో) చూసేటట్టయితే, జీవుల్ని సేకరించే ఒక్కో చోట 30 జీవులకు తగ్గకు. ఒకే తల్లి పిల్లల్ని తీసుకోకు, ఒకే మొక్క పిలకల్ని వేరు మొక్కలుగా లెక్కపెట్టకు.

నా అసలు భయం వేరే. 1928లో స్టెన్ వాలుండ్ చూపించిన ఉచ్చులో ఇప్పటికీ పడుతూనే ఉన్నారు: వేర్వేరు గుంపుల నమూనాల్ని ఒకే జనాభాగా కలిపేస్తారు. ఒక జన్యు స్థానంలో రెండే అల్లీళ్లు (రూపాలు) ఉన్నాయనుకో. ఒక గుంపులో ఒక అల్లీల్ ఫ్రీక్వెన్సీ, అంటే దాని వాటా, 0.9, రెండోదాంట్లో 0.1 అనుకో. రెండూ హార్డీ–వీన్‌బర్గ్ సమతాస్థితిలోనే (యాదృచ్ఛికంగా జతకట్టే జనాభాలో ఉండాల్సిన నిష్పత్తిలోనే) ఉన్నాయి, దేనిలో చూసినా హెటిరోజైగోట్లు (రెండు వేర్వేరు అల్లీళ్లున్న జీవులు) 0.18. సమానంగా కలిపావా, సగటు ఫ్రీక్వెన్సీ 0.5 అవుతుంది, హెటిరోజైగోట్లు 0.5 ఉండాలి. కనిపించేవి మాత్రం 0.18. ఒకటిలోంచి 0.18/0.5 తీసేస్తే ఎఫ్ విలువ, అంటే హెటిరోజైగోట్ల కొరత కొలత, 0.64. అది చూసి అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంతానం) అని రాసేస్తారు. నిజానికి అక్కడ అది లేనేలేదు! ఆ రాత నమ్మి, అంతఃప్రజననం పోగొట్టాలని ఎవరైనా ఒక గుంపు జీవుల్ని ఇంకో గుంపులో వదిలితే, తరతరాలుగా విడిగా బతికినవి కలిసిపోతాయి. మళ్లీ విడదీయలేం తల్లీ.

అందుకే హెటిరోజైగోట్లు తగ్గినట్టు కనిపిస్తే తొందరపడకు, ఒక్కో లోకస్‌నూ (జన్యు స్థానాన్నీ) విడిగా చూడు. అంతఃప్రజననమైతే కొరత అన్నిట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకటి రెండు లోకస్‌లలోనే ఉంటే నల్ అల్లీల్‌ని అనుమానించు: డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి పీసీఆర్. దాన్ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, ప్రైమర్, అతుక్కునే చోట మార్పు వచ్చి ఒక అల్లీల్ పీసీఆర్‌లో పెరగదు, హెటిరోజైగోట్ కాస్తా హోమోజైగోట్‌లా (రెండూ ఒకటే అల్లీల్ అయినదానిలా) కనిపిస్తుంది. ఆ లోకస్‌కి ప్రైమర్ మార్చి చూడు. గుంపుల మధ్య ఫ్రీక్వెన్సీ తేడా ఎక్కువున్న లోకస్‌లలోనే కొరత పెద్దగా ఉంటే, అది కలపడం వల్ల వచ్చిందే. విడదీసి కట్టు, మాయమవుతుంది.

20 లోకస్‌లు, 5 జనాభాలంటే హార్డీ–వీన్‌బర్గ్ నిష్పత్తికి 100 పరీక్షలు. సంభావ్యత 0.05 దగ్గర గీత గీస్తే, అసలేమీ లేకపోయినా ఓ ఐదు తప్పుడు ఫలితాలు పుడతాయి. పరీక్షల సంఖ్యకి తగ్గట్టు ఆ గీతని కిందికి దించే బొన్‌ఫెరోనీ లాంటి సవరణ మరవకు. 60 జీవుల గుంపులో అల్లీళ్ల సంఖ్యని 20 జీవుల గుంపుతో నేరుగా పోల్చకు, రేర్‌ఫ్యాక్షన్‌తో (పెద్ద గుంపులోంచి చిన్నదాని సైజు నమూనా తీస్తే ఎన్ని అల్లీళ్లు వస్తాయో అంచనా కట్టే లెక్కతో) రెండిటినీ 20కి దించు. చిన్న నమూనాకి మసతోషి నెయ్ అనే జన్యుశాస్త్రవేత్త ఇచ్చిన సవరణ తప్పదు: 5 జీవులైతే అంచనా హెటిరోజైగోసిటీని (సమతాస్థితి ప్రకారం ఉండాల్సిన హెటిరోజైగోట్ల వాటాని) 10/9తో గుణించాలి, 30 అయితే 60/59తో.

ఎన్నిసార్లు చెబుతారని విసుక్కోకు. ప్రతి ట్యూబు మీదా తీసిన చోటు, తేదీ చెరగని సిరాతో రాయి, పుస్తకంలో కూడా ఎక్కించు. ఆ రాత లేకపోతే ఏ జీవి ఏ గుంపుదో జన్యువుల్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది.

పెద్దమ్మ